తాడు మీద పడిన దుబ్బు ఎవరి లెక్క?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోతుంది. కుండలో నీళ్లు, సెగ అన్ని మెతుకులకూ దాదాపు ఒకేలా అందుతాయి కాబట్టే ఆ కిటుకు పనిచేస్తుంది. ఊళ్లో వరి అలా పండదు. కాలువ పక్క చేను ఒకలా, ఆయకట్టు చివరి చేను ఇంకోలా ఉంటుంది. అందుకే ప్రభుత్వం దిగుబడి లెక్క కోసం చేసే పంట కోత ప్రయోగాల్లో ఏ చేను కొయ్యాలో ఉద్యోగి ఇష్టానికి వదలరు, యాదృచ్ఛిక సంఖ్యలతో (లాటరీలో లాగా వచ్చే అంకెలతో) తేలుస్తారు.

చేలోకి దిగాక కూడా అంతే. నైరుతి మూల నుంచి పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు నడిచి, ఆగిన చోటే మేకు కొట్టాలి. వరికి సాధారణంగా అక్కడి నుంచి 5 మీటర్ల భుజమున్న చదరం తాడుతో కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆగిన చోట పైరు పలచగా ఉంటే రెండడుగులు పక్కకు జరగాలనిపిస్తుంది. మోసం చేయాలని కాదు, 'మంచి నమూనా' తీసుకుందామనే!

మరి అంత చదరం ఎందుకు? చిన్నది చాలదా? 1940ల్లో మన దేశంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. బెంగాల్లో సర్వేలు చేసిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చిన్న చిన్న కోతలు ఎక్కువ చోట్ల కొయ్యాలన్నారు. మరో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే మాత్రం చిన్న కోతల్లో దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తోందని చూపించారు. మరీ చిన్న వలయాలతో, అంటే గుండ్రంగా గీసి కోసే కోతలతో, ఆ తేడా వస్తుందని మహలనోబిస్‌కూ తెలుసు.

తప్పంతా అంచు దగ్గరే. దుబ్బు సరిగ్గా గీత మీద ఉంటే లోపలిదా, బయటిదా? కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. 2 అడుగుల వ్యాసార్థమున్న వలయంలో ఒక్కో చదరపు అడుగుకు ఒక అడుగు అంచు ఉంటుంది. 20 అడుగుల వ్యాసార్థమైతే అది పదో వంతే.

కోతలు పెంచితే సరిపోదా అంటే, సగమే సరిపోతుంది. చేనుకూ చేనుకూ ఉన్న తేడా వల్ల వచ్చే పొరపాటు, కోతలు నాలుగింతలైతే సగానికి తగ్గుతుంది. ప్రతి కోతలోనూ ఒకే వైపు లాగే చెయ్యి మాత్రం వెయ్యి కోతలు కోసినా అలాగే లాగుతుంది.

ఇప్పుడు పంటల బీమా లెక్క కూడా చాలావరకు ఈ తూకం మీద నడుస్తోంది. దిగుబడి తక్కువని తేలితే పరిహారం. దాంతో తాడు మీది దుబ్బు ఒక్కోసారి గట్టు మీద నిలబడ్డ రైతుకు బయట ఉన్నట్టూ, బీమా కంపెనీ మనిషికి లోపల ఉన్నట్టూ కనిపిస్తుంది.