రేటింగ్ ఆల్బమ్‌కా, వినేవాడి చెవికా?

ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్, అంటే పాటలు పొడుగ్గా, లయలు చిక్కుగా ఉండే రాక్ సంగీతం) బ్యాండ్‌లలో గొప్పవి ఏవని ఎవర్ని అడిగినా, ఏ జాబితా తిరగేసినా పైన కనిపించే పేర్లు దాదాపు మారవు. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, కాస్త కిందకి వస్తే జెథ్రో టల్, రష్, క్యామెల్, వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్. ఒక ఆల్బమ్ బాగా రావడంలో వింతేం లేదు, ఎవరికైనా ఒకటి కుదురుతుంది. వీళ్లకి మాత్రం వరసగా మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు ఆల్బమ్‌లకి కూడా జనం ఐదుకి నాలుగు పైనే మార్కులు వేస్తారు.

బరంపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి ఈ మధ్య ఈ పిచ్చి పట్టుకుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు, మా గంజాం జిల్లా తెలుగు పిల్లలందరి సంగతీ ఇంతే. "మావయ్యా, ఇవన్నీ నిజంగా అంత బాగుంటాయా, లేకపోతే మార్కులేసినోళ్లంతా వాళ్ల ఫ్యాన్సేనా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇందులో సగం లెక్కల శాస్త్రానిది, సగం మెదడుది. నాకు తోచిందేమిటంటే, ఆ అంకె ఆల్బమ్‌నీ, దాన్ని వదలకుండా విన్న చెవినీ కలిపి కొలుస్తుంది, రెండిటినీ విడదీయడం అంత తేలిక కాదు.

ముందు అదృష్టం సంగతి చూద్దాం. ఒక బ్యాండ్ వేసే ప్రతి ఆల్బమూ బాగుండటానికి, బాగోకపోవడానికి సగం సగం అవకాశం ఉందనుకోండి. వరసగా ఐదూ బాగుండే అవకాశం 32లో ఒకటి. చాలా తక్కువ అనిపిస్తుంది కదా? కానీ బ్యాండ్‌లు 1000 ఉంటే, ఏ ప్రత్యేక ప్రతిభా అక్కర్లేకుండానే సుమారు 31 బ్యాండ్‌లు ఐదుకి ఐదు కొట్టేస్తాయి. ఆ తర్వాత మనం ఆ 31 మందిని పట్టుకుని మీ విజయ రహస్యం ఏంటని అడుగుతాం, వాళ్లూ ఏదో ఒకటి చెప్తారు. మిగతా 969 మందిని ఎవరూ అడగరు.

రెండో చిక్కు, మార్కులేసిన వాళ్ల సంఖ్య. క్రికెట్ చూసేవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. టెస్టుల్లో బ్రాడ్‌మన్ సగటు 99.94. వెస్టిండీస్ ఆటగాడు ఆండీ గాంటోమ్ 1948లో ఒకే ఒక్క టెస్టు ఆడి, ఒకే ఇన్నింగ్స్‌లో 112 కొట్టాడు, కాబట్టి ఆయన సగటు 112. అలాగని బ్రాడ్‌మన్ కన్నా గొప్ప బ్యాట్స్‌మన్ అని ఎవరూ అనరు. ఎనిమిది మంది వీరాభిమానులు తలా ఐదు మార్కులు వేసిన ఊరూపేరూ లేని ఆల్బమ్ కూడా ఇలాంటిదే. పద్ధతిగా జాబితా వేసేవాళ్లు దీనికి బేసియన్ సగటు అనే లెక్క వాడతారు, పేరు చూసి భయపడక్కర్లేదు. అన్ని ఆల్బమ్‌ల సగటు 3.5 అనుకుందాం. ప్రతి ఆల్బమ్‌కీ ముందుగానే 50 మంది 3.5 వేసేసినట్టు కలుపుతారు, ఆపైన అసలు మార్కులు. ఎనిమిది మంది సగటున 4.8 వేసిన ఆల్బమ్ ఈ లెక్కలో 3.68కి పడిపోతుంది. రెండు వేల మంది 4.3 వేసినది 4.28 దగ్గర నిలబడుతుంది. అంటే కొద్దిమంది పొగడ్తని కొట్టిపారేయకుండా, ఇంకొంచెం సాక్ష్యం తెమ్మని అడగడం.

ఇంతవరకూ లెక్క. అసలు మెలిక, మార్కులు వేసేదెవరు అన్నదాంట్లో ఉంది. ఒక బ్యాండ్ పదకొండో ఆల్బమ్ దాకా వచ్చి ఓపిగ్గా మార్కులేసేవాడు ఎవడు? మొదటి పదీ విన్నవాడే. మొదటి ఆల్బమ్ నచ్చనివాడు ఎప్పుడో ఇంకో దారి చూసుకున్నాడు, వాడి సున్నాలు ఎక్కడా నమోదు కావు. జెనెసిస్ కథ చూడండి. 1971 నుంచి 1974 దాకా 'నర్సరీ క్రైమ్', 'ఫాక్స్‌ట్రాట్', 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్', 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' అని ఏడాదికొకటి చొప్పున వేశారు, ప్రోగ్ వినేవాళ్లు నాలుగింటినీ నెత్తిన పెట్టుకుంటారు. 1975లో గాయకుడు పీటర్ గాబ్రియేల్ వెళ్లిపోయాడు, 1977లో గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ వెళ్లాడు, మిగిలిన ముగ్గురూ మెల్లగా పాప్ వైపు జరిగారు. 1986 నాటి 'ఇన్విజిబుల్ టచ్' ఆల్బమ్ నుంచి ఐదు పాటలు అమెరికా పాటల చార్టులో మొదటి ఐదు స్థానాల్లోకి ఎక్కాయి. అదే ఆల్బమ్‌కి ప్రోగ్ జనం వేసే మార్కులు చూస్తే జాలేస్తుంది. పాత జెనెసిస్ కోసం చెవి పెట్టుకుని కూర్చున్నవాళ్లు కొత్త జెనెసిస్‌ని కొలుస్తున్నారు మరి.

గుంపు ప్రభావం కూడా తక్కువేం కాదు. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ముగ్గురు, సాల్గానిక్, డాడ్స్, వాట్స్, ఒక ప్రయోగం ప్రచురించారు. ఎవరికీ తెలియని బ్యాండ్‌ల పాటలు 48 తీసుకుని 14 వేల మందికి పైగా వినిపించారు. కొంతమందికి ఇతరులు ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేశారో కనిపించేది, కొంతమందికి కనిపించేది కాదు. కనిపించిన వాళ్లని మళ్లీ ఎనిమిది వేరు వేరు గుంపులుగా విడగొట్టారు. ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకొచ్చింది! బాగా మంచి పాటలు మరీ కింద పడలేదు, బాగా చెత్త పాటలు మరీ పైకి పోలేదు, మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం ముందుగా చెప్పలేం. యెస్ వాళ్ల ఆల్బమ్ 'క్లోజ్ టు ద ఎడ్జ్' మహత్తరం అని పదిచోట్ల చదివి వినేవాడు, ఏమీ తెలియకుండా వినేవాడు ఒకే ఆల్బమ్ వినట్లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే మా మేనల్లుడు అన్నట్టు ఇదంతా అభిమానుల మాయేనా? అలా తేల్చేస్తే అసలు ముచ్చట పోతుంది.

మా వీధిలో ఒక మృదంగం మాస్టారున్నారు. రాక్ సంగీతం అంటే ఆయనకి గిట్టదు, అది వేరే విషయం. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లో 'మనీ' అనే పాట మొదలయ్యేది చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోతలతో. ఆ చప్పుళ్లని టేపు మీద రికార్డు చేసి, ముక్కల్ని సమానంగా కొలిచి కోసి, అతికించి, గుండ్రంగా తిరిగేలా చేశారు. స్టూడియోల్లో కంప్యూటర్లు లేని రోజులు, కత్తెరా స్కేలే దిక్కు. ఆ చుట్టులో చప్పుళ్లు ఏడు, పాట లయ నడిచేదీ ఏడు దెబ్బల లెక్కలోనే. మామూలు రాక్ పాట నాలుగులో నడుస్తుంది కాబట్టి మొదటిసారి విన్నవాడికి ఎక్కడో మెట్టు తప్పినట్టు ఉంటుంది. మాస్టారు రెండు చుట్లు విన్నారో లేదో, చెయ్యి తొడ మీద పడిపోయింది: తకిట తకధిమి, తకిట తకధిమి. "మిశ్రచాపే కదా బాబూ, దీనికేటి ఇంత హడావిడి?" అన్నారు. మిశ్రచాపు అంటే కర్ణాటక సంగీతంలో ఏడు మాత్రల తాళం. శాక్సఫోన్ అయిపోయి గిటార్ అందుకునే చోట పాట ఏడులోంచి నాలుగులోకి దూకుతుంది. అక్కడ ఆయన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. "మార్చీసినాడు!" అని నవ్వారు.

ఆయన చెవికి అంత తేలిక ఎందుకయిందో 2005లో ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగాలు చెప్తాయి. బాల్కన్ దేశాల జానపద సంగీతంలో ఏడు లాంటి ఎగుడుదిగుడు లయలు మామూలే. ఆ పాటల్లో లయని కావాలని ఒకచోట చెడగొట్టి వినిపించారు. బల్గేరియా, మాసిడోనియా మూలాలున్న పెద్దవాళ్లు తప్పుని పట్టుకున్నారు. ఉత్తర అమెరికా పెద్దవాళ్లు మామూలు లయలో తప్పు పట్టగలిగారు గానీ ఈ లయలో పట్టలేకపోయారు. తమాషా ఏంటంటే అదే ఉత్తర అమెరికాలో ఆరు నెలల పసిపిల్లలు రెండిట్లోనూ తేడా గుర్తించారు. ఏడాది నిండేసరికి వాళ్లూ పెద్దవాళ్ల దారిలో పడిపోతున్నారు, కానీ రెండు వారాలు ఇంట్లో ఆ సంగీతం వినిపిస్తే ఏడాది పిల్లలు మళ్లీ పట్టుకోగలిగారు. పెద్దవాళ్లకి అంత సులువుగా రాలేదు. అంటే ఏడు కష్టం, నాలుగు తేలిక అనేది పుట్టుకతో వచ్చింది కాదు, పెరిగిన ఇంటి సంగీతం నేర్పింది. మా వైపు చూస్తే ఒక ఇంట్లో కళ్యాణిలో 'నిధి చాల సుఖమా', అదీ మిశ్రచాపే, పక్కింట్లో ఒడిస్సీ క్లాసు, ఆ తాళాల్లోనూ ఏడు మాత్రల త్రిపుట ఉంది. ఇలాంటి వీధిలో పెరిగినవాడు ఏడంటే బెదరాల్సిన పనేముంది?

లయ ఒక్కటే కాదు, పాట మొత్తం పోకడ కూడా అలవాటు మీదే చెవికి ఎక్కుతుంది. ఏ వస్తువైనా పదేపదే ఎదురైతే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించాడు. ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బెర్లైన్ 1971లో ఇంకో మాట చేర్చాడు: మరీ సరళమైనదీ నచ్చదు, మరీ చిక్కుగా ఉన్నదీ నచ్చదు, మధ్యలో ఎక్కడో ఇష్టం శిఖరానికి చేరుతుంది. ఈ రెండూ కలిపి ఆలోచించండి. వినేకొద్దీ పాటలో చిక్కు తగ్గుతూ వస్తుంది. హుషారు పాట మొదటిసారే శిఖరం మీద ఉంటుంది, ఇరవైసార్లు వింటే అటువైపు దిగిపోయి విసుగొస్తుంది. పద్దెనిమిది నిమిషాల ప్రోగ్ పాట మొదటిసారి గందరగోళం, నాలుగోసారి ఒక మలుపు గుర్తుపడతాం, పదోసారికి రాబోయే మలుపు కోసం ఎదురుచూస్తాం. ఆ ఎదురుచూపు ఉత్తి మాట కాదు. సంగీతం వింటూ ఒళ్లు పులకరించే ఘట్టానికి ముందే మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ పరిశోధకులు స్కానింగ్‌తో చూపించారు.

ఇక్కడే రెండు దారులూ కలుస్తాయి. ఈ సంగీతానికి మార్కులు వేసేది ఎక్కువగా పదోసారి దాకా విన్నవాళ్లు. మొదటిసారికే లేచిపోయినవాడు మార్కులు వేయడు. కాబట్టి సగటు సహజంగానే పైకి పోతుంది, అలాగని అది అబద్ధమూ కాదు, పదోసారి వినేవాడికి ఆ ఆల్బమ్ నిజంగానే అంత బాగుంటుంది.

ఇక బ్యాండ్‌ల వైపు చూస్తే, ఆ మంచి వరసలు ఉత్తి అదృష్టమే అయితే ఎప్పుడు పడితే అప్పుడు రావాలి. రాలేదు. చాలావరకు 1969, 1977 మధ్యలోనే కుప్పపడ్డాయి. యెస్ వాళ్లు 1971 ఫిబ్రవరి నుంచి 1972 సెప్టెంబర్ లోపు 'ద యెస్ ఆల్బమ్', 'ఫ్రాజైల్', 'క్లోజ్ టు ద ఎడ్జ్' మూడూ వేశారు, మూడింటికీ రికార్డింగ్ ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డే బ్యాండ్‌తో కలిసి పనిచేశాడు. నా అనుమానం ఇంకొకటి ఉంది, ఎల్పీ రికార్డు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ ప్లాస్టిక్ పళ్లెం మీద ధ్వని అంతా ఒకే సన్నని గాడిలో ఉంటుంది. మంద్రస్వరాలు, పెద్ద శబ్దం ఉంటే గాడి ఎక్కువ అటూ ఇటూ ఊగుతుంది, చోటు ఎక్కువ తింటుంది. అందుకే పక్కకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే శబ్దం పల్చబడుతుంది. రెండు పక్కలా కలిపి నలభై చిల్లర నిమిషాలు, అంతే. నాసిరకం సరుక్కి చోటు లేదు. 1982లో సీడీలు వచ్చి 74 నిమిషాల చోటిచ్చాక, దాన్ని నింపాలనే యావ కూడా వచ్చింది.

ఆ యావ సీడీకి ముందే ఒకసారి కనిపించింది. యెస్ 1973లో 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అని రెండు ఎల్పీల మీద నాలుగే పాటలు పరిచింది. సరుకు ఒక ఎల్పీకి ఎక్కువ, రెండిటికి తక్కువ అని కీబోర్డ్ వాయించే రిక్ వేక్‌మన్ గోల. మాంచెస్టర్ కచేరీలో తన వంతు రాక ఖాళీగా కూర్చుని స్టేజీ మీదే కూర తిన్నానని ఆయనే చెప్పుకున్నాడు, తెప్పించింది మన ఇండియన్ కర్రీ! 1974లో బ్యాండ్ వదిలేశాడు. ఆ ఆల్బమ్‌కి ఇప్పటికీ సగం మంది ఐదు వేస్తారు, సగం మంది పెదవి విరుస్తారు. సగటు చూస్తే మామూలు ఆల్బమ్‌లా ఉంటుంది, మార్కులు ఎలా విడిపోయాయో చూస్తే గానీ ఆ గొడవ తెలియదు.

కింగ్ క్రిమ్సన్ లెక్క వేరు. అక్కడ గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ తప్ప మనుషులు మారుతూనే ఉన్నారు, అయినా 1969 నాటి మొదటి ఆల్బమ్, 1973 నాటి 'లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్', 1974 నాటి 'రెడ్' మూడూ పై వరసలోనే ఉంటాయి. 'రెడ్' అక్టోబర్‌లో బజారులోకి రాకముందే ఫ్రిప్ బ్యాండ్‌కి మంగళం పాడేశాడు. 1981లో మళ్లీ మొదలుపెట్టేదాకా ఏడేళ్లు కొత్త స్టూడియో ఆల్బమే లేదు. ఆ ఏడేళ్లలో మిగతా బ్యాండ్‌లు వేసుకున్న నీరసం ఆల్బమ్‌లు వీళ్ల ఖాతాలో లేకపోవడం కూడా సగటుకి కలిసొచ్చిందే.

మొదలుపెట్టాలనుకుంటే 'మనీ'తో మొదలుపెట్టండి, చేత్తో తాళం వేస్తూ. తర్వాత జెనెసిస్ 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్'. 'క్లోజ్ టు ద ఎడ్జ్' ఆఖర్న పెట్టుకోండి, పక్షుల కిచకిచలు అయ్యాక దాదాపు మూడు నిమిషాల దాకా ఎవరి వాయిద్యం వాళ్లదే అన్నట్టు ఉంటుంది, మా ఇంట్లో వాళ్లు పాట చెడిపోయిందనుకుని ఆపమన్నారు. చాలామంది ఆపేసేదీ అక్కడే, వాళ్ల మార్కులు ఏ జాబితాలోకీ రావు.