చెయ్యి తీసేసినా వదలని పట్టు

పిల్లలూ,

ఒక చేతిలో టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో టంకం తీగ ఉంటే మరి వైరు ఎవరు పట్టుకోవాలి తాతయ్యా అని అడిగారు కదా. ఆపరేషన్లో రక్తనాళాన్ని నొక్కి పట్టడానికి డాక్టర్లు వాడే ఆర్టరీ ఫోర్సెప్స్ ఒకటి కొనుక్కోండి. చూడ్డానికి కత్తెరలాగే ఉంటుంది గానీ పదునుండదు, వేళ్ళు పెట్టే రింగుల దగ్గర చిన్న పళ్ళుంటాయి, నొక్కితే టిక్కుమని లాక్ పడుతుంది, ఇక మీరు చెయ్యి తీసేసినా వదలదు. విప్పాలంటే లాగకూడదు, రింగుల్ని కాస్త నొక్కి ఒకదాన్ని పక్కకి నెట్టాలి. చిన్న పనులకి మస్కిటో అనే రకం చాలు, సుమారు 12.5 సెంటీమీటర్లుంటుంది.

ఇంకో లాభముంది. ట్రాన్సిస్టర్ కాలిని టంకం పెట్టే చోటుకీ దాని ఒంటికీ మధ్యలో దీంతో పట్టి ఉంచితే వేడి చాలావరకు స్టీలులోకి పోతుంది, పార్టు కాలిపోదు. మామూలు ఎలక్ట్రానిక్స్ టంకం స్టెయిన్‌లెస్ స్టీలుకి అంత తేలిగ్గా అతుక్కోదు కూడా. కానీ దీంతో నట్లు తిప్పకండి, కీలు వదులైపోతే ఇక అది దేనికీ పనికిరాదు. స్టీలు కాబట్టి కరెంటూ పారుతుంది, సర్క్యూట్లో పెట్టేముందు బ్యాటరీ తీసేయండి.

డాక్టర్లు కోతకి వాడే సర్జికల్ బ్లేడు కూడా మనకి పనికొస్తుంది గానీ దాని సంగతి వేరు, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. 3వ నంబర్ హ్యాండిల్‌కి 11వ నంబర్ బ్లేడు వేస్తే మొన సూదిలా ఉంటుంది, పీసీబీ, అంటే పార్టులు బిగించే సర్క్యూట్ బోర్డు మీద అక్కర్లేని రాగి గీతని కోయడానికి బాగుంటుంది: మిల్లీమీటరు ఎడంగా రెండు గాట్లు పెట్టి మధ్య ముక్కని లేపేయడమే. బ్లేడు పలచన, పెళుసు, పక్కకి మెలిపెడితే పుటుక్కున విరిగి ఎగురుతుంది, అందుకే కళ్ళకి రక్షణ అద్దాలు తప్పనిసరి. మార్చేటప్పుడు కూడా వేళ్ళతో కాదు, ఫోర్సెప్స్‌తోనే పట్టుకుని లాగాలి.

హైదరాబాద్ కోఠీలో సర్జికల్ షాపులున్నాయి, ఎలక్ట్రానిక్స్ విడిభాగాలమ్మే గుజరాతీ గల్లీ కూడా అక్కడే, ఒక్క తిరుగుడులో రెండూ అయిపోతాయి. ఆస్పత్రిలో వాడి పారేసినవి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. అరిగిన బ్లేడుల్ని మూతున్న రేకు డబ్బాలో వేసి ఉంచండి, చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తేవాళ్ళ చెయ్యి తెగుతుంది.

మీ తాతయ్య