జొన్న సంగటి మీద మూడు తీర్పులు: పొదిలి నీళ్ల దగ్గర మొదలైన కథ

కనిగిరి పక్క పల్లెలో ఉండే మా మేనత్తకు ఈ మధ్య మూడు సలహాలు అందాయి. షుగరు చూసే డాక్టరు అన్నం తగ్గించి జొన్న సంగటి తినమన్నాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో మాత్రం, నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్లలో జొన్న తింటే ఆ ఫ్లోరైడు ఒంట్లో ఇంకా ఎక్కువగా నిలిచిపోతుందని హెచ్చరించింది. పక్కింటావిడ, రోజూ చింతపండు రసం తాగితే ఫ్లోరైడంతా మూత్రంలో కొట్టుకుపోతుందంటోంది. ముగ్గురూ చివర్లో చెప్పిన మాట ఒకటే: పరిశోధనలో తేలింది.

వెతికి చూస్తే మూడింటి వెనకా నిజంగానే పరిశోధనలున్నాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. అయినా ముగ్గురి మాటా కలిపి వింటే ఆమె పొయ్యి వెలిగించడమే కష్టం. ఆహారం మీద వచ్చే పరిశోధనను ఎలా చదవాలో మనకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆ చదువుకు కావలసిన పాఠాలు మాత్రం దాదాపు తొంభై ఏళ్లుగా మన మెట్ట పల్లెల్లోనే ఉన్నాయి.

1937 నాటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లాకు చెందిన మెట్ట తాలూకాలు. (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు.) మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఆ ఏడాది ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా జబ్బు గురించి రాశారు. పిల్లల పళ్లకు గార, పెద్దవాళ్లలో కట్టెలా బిగుసుకుపోయిన వెన్ను, తిరగని మెడ, అతుక్కుపోయిన కీళ్లు. మనదేశంలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బు వైద్యుల లెక్కలోకి వచ్చింది ఆ రాతలతోనే. అంతకుముందే అరక కట్టే ఎడ్లు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం రైతుల కంట పడిందని చెబుతారు.

నీళ్లే కారణమని వాళ్లు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? ఆ ఒక్క జిల్లాను చూసి మాత్రమే అయితే చెప్పగలిగేవాళ్లు కాదేమో. పళ్ల మీద మచ్చలకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో అమెరికాలో తేలింది. ఫ్లోరైడు ఉండే క్రయొలైట్ ఖనిజపు దుమ్ములో పనిచేసే కోపెన్‌హాగెన్ కార్మికుల ఎముకలు గట్టిపడి చిక్కగా మారడాన్ని 1932లో డెన్మార్క్ వైద్యులు ఎక్స్‌రేల్లో చూశారు. ఒకచోట నీళ్లు, మరోచోట దుమ్ము. మనుషులు వేరు, తిండి వేరు. ఎముకకూ పంటికీ జరిగింది మాత్రం ఒకటే, రెండు చోట్లా కనబడిన పదార్థమూ ఒకటే. వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకే గుమ్మం దగ్గర కలిస్తే నమ్మకం పెరుగుతుంది. ఒక్క అధ్యయనం మోయలేని బరువును ఇలాంటి కలయిక మోస్తుంది. వాట్సాప్ వీడియోల్లో నేను మొదట వెతికేది దీన్నే, సాధారణంగా దొరకనిదీ ఇదే.

కథ మలుపు తిరిగింది 1940లో. ఒకే బావి నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరు మంచానికి అతుక్కుపోతే, ఇంకొకరు పళ్ల గారతో సరిపెట్టుకుని తిరుగుతున్నారు. ఎందుకు? పండిట్, రాఘవాచారి మరికొందరితో కలిసి ఈ ప్రశ్న వెంట వెళ్లారు. పోషణ సరిగా లేనివాళ్లలో, అందులోనూ విటమిన్ సి తక్కువగా అందేవాళ్లలో ఎముకల జబ్బు తీవ్రంగా ఉందని గమనించారు. (ఈ పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరయ్యారు.) ఫ్లోరైడు కథలోకి తిండి వచ్చింది అప్పుడే.

ఇక్కడ కాస్త ఆగాలి. విటమిన్ సి తక్కువగా తినేది ఎవరు? పండూ కాయా కొనలేని కూలీలు. ఎండలో పని చేసేదీ వాళ్లే, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగేదీ వాళ్లే, ఊరు వదిలి ఎక్కడికీ పోలేక ఆ బావినే నమ్ముకునేదీ వాళ్లే. జబ్బు ముదిరింది విటమిన్ సి లేక కావచ్చు, ఎక్కువ నీళ్లు తాగి కావచ్చు, పాలూ పెరుగూ లేక కాల్షియం తగ్గి కావచ్చు. పేదరికం వీటన్నిటినీ ఒకే మూటలో కడుతుంది. ఆ మూటలోంచి ఒక్క పోగు లాగి ‘ఇదే కారణం’ అనడం తేలిక. ఆహార పరిశోధనలో సగం తప్పులు ఇక్కడే పుడతాయని నా నమ్మకం. పాలు తాగే ఇళ్లలో జబ్బు తక్కువని ఎవరైనా చెప్పినా నేను ముందు అడిగేది ఇదే: ఆ ఇంట్లో గేదె ఒక్కటే ఉందా, క్యాను నీళ్లు కొనుక్కునే డబ్బు కూడా ఉందా?

జొన్న సంగతీ ఇలాంటిదే. పాత నెల్లూరు జిల్లాను తలుచుకోండి. పెన్నా కాలవల కింద వరి, పేరుమోసిన మొలగొలుకులు. పడమట మెట్టన జొన్న, సజ్జ, కొర్ర. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బావులూ మెట్టనే. ఆ రోజుల్లో ఎవరైనా జిల్లా అంతా తిరిగి జొన్న తినేవాళ్లనూ వరి తినేవాళ్లనూ పోల్చి ఉంటే, నేరం మొత్తం జొన్న మీదికి వచ్చేది. గింజకూ జబ్బుకూ సంబంధమే లేకపోయినా సరే, రెండూ ఒకే నేల మీద ఉన్నందుకు అలా కనబడేది.

ఈ చిక్కు విప్పాలంటే ఒకే మనుషులకు నీళ్లనూ ఫ్లోరైడునూ కొలిచి ఇస్తూ గింజను మార్చి చూడాలి. ఆ పని జాతీయ పోషకాహార సంస్థ చేసింది. 1918లో నీలగిరి కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. అక్కడి లక్ష్మయ్య, శ్రీకంఠయ్య 1977లో జొన్న భోజనం మీద, బియ్యం భోజనం మీద ఒంట్లో ఎంత ఫ్లోరైడు నిలుస్తుందో లెక్కగట్టారు. పద్ధతి వినడానికి సులువు, చేయడం కష్టం. నోట్లోకి పోయిన ప్రతి ముద్దలోనూ, గుక్కలోనూ ఫ్లోరైడు ఎంతో కొలవాలి, మూత్రంలోనూ మలంలోనూ బయటికి వచ్చిందెంతో కొలవాలి. తేడాయే ఒంట్లో నిలిచింది. జొన్న తిన్నప్పుడు ఎక్కువ నిలిచిందని తేలింది. అత్తకు వచ్చిన వీడియోకు మూలం ఇదే.

ఈ పరిశోధనను నేను గౌరవిస్తాను. మెట్టా డెల్టా చిక్కును దాటి నేరుగా గింజనే ప్రశ్నించింది. అయితే ఇలా ముద్ద ముద్ద కొలిచే అధ్యయనాలు కొద్దిమందితో, కొద్ది రోజులే జరపగలరు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి నడుము వంగుతుందో అవి చెప్పవు. అసలు విషయం మరొకటుంది: నిలవాలంటే ముందు ఫ్లోరైడు లోపలికి రావాలి. మంచి నీళ్లు తాగే ఇంట్లో జొన్న దేన్ని పట్టి నిలుపుతుంది? వీడియో వదిలేసిన వాక్యం ఇది.

జొన్న మీద నింద అదే మొదలూ కాదు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే మాంసకృత్తుల భాగానికీ, జొన్నే ప్రధానంగా తినే పేదల్లో కనబడిన పెల్లగ్రా అనే చర్మవ్యాధికీ ముడిపెడుతూ లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఆ ముడి మీద తర్వాత చాలా వాదన నడిచింది. ఇప్పుడు గాలి అటునుంచి ఇటు తిరిగింది. 2021లో ఇక్రిశాట్ (హైదరాబాదు దగ్గరి మెట్టపంటల పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 65 అధ్యయనాలను క్రోడీకరించి, చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక నెత్తుట్లో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 52.7 అనీ, పాలిష్ బియ్యం, మైదాల కన్నా అది బాగా తక్కువనీ చెప్పారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. డాక్టరు గారి సలహా ఈ వరసలోనిదే.

మరి జొన్న మంచిదా చెడ్డదా? ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ఈ మూడు పరిశోధనలూ మూడు వేర్వేరు సంగతులను కొలిచాయి. ఒకటి చర్మవ్యాధిని చూసింది, ఒకటి నిలిచిన ఫ్లోరైడును చూసింది, ఒకటి తిన్నాక నెత్తుట్లో చక్కెర ఎంత వేగంగా పెరిగిందో చూసింది. ఆ 52.7 కూడా అనేక గింజలను, అనేక వంటకాలను కలిపి తీసిన సగటు. మా అత్త సంగటిలో సగం బియ్యం నూకే. అది మెత్తగా ఉడికి ముద్దయ్యాక దాని అంకె ఎంతో ఆ పట్టికలో ఉండదు.

చింతపండు కథ నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. 2002లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. 18 మంది అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు, 18 రోజులు. మూత్రంలో పోయే ఫ్లోరైడు రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. జింకు, మెగ్నీషియం బయటికి పోవడం తగ్గింది. నిజాయితీగా చేసిన మంచి పని. జబ్బు ముదరడం ఆలస్యం కావడానికి తోడ్పడవచ్చని అన్నారే తప్ప నయమవుతుందని వాళ్లూ అనలేదు.

ఇదంతా అత్తకు చదివి వినిపించాను. మూడో తరగతి దాటని మనిషి, విని ఒకటే అడిగింది.

“ఆ పిల్లోళ్లకు కీళ్ల నొప్పులు తగ్గినాయా నాయనా?”

“అది కొలవలేదత్తా. మూత్రమే కొలిచారు.”

“మరి నాకు తగ్గుద్దని ఆమె ఎట్ట చెప్తాది?”

కొలిచిన వస్తువు వేరు, మనకు కావలసిన ఫలితం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి గణాంకశాస్త్రం అక్కర్లేదని ఆమె దగ్గరే తెలిసింది. పైగా నెల్లూరు చేపల పులుసు నుంచి మా ఇంటి పప్పుచారు దాకా చింతపండు పడని పూట మనకు అరుదు. అయినా ఈ జబ్బు వచ్చింది. ఇదీ రుజువు కాదు, నిజమే. చింతపండు లేకపోతే ఇంకా ముదిరేదేమో ఎవరికి తెలుసు? ఇష్టమైన ముగింపు వైపు మొగ్గే ముందు ఆ తలుపు కూడా తెరిచి చూడాలి.

అంకెల పరిమాణం చూసుకోవడం ఇంకో అలవాటు. చింతపండు అదనంగా బయటికి పంపింది రోజుకు 1.3 మిల్లీగ్రాములు. ఒక బోరు నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకుందాం. వేసవిలో పొలం పని చేసే మనిషి నాలుగు లీటర్లు తాగితే 16 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. నీళ్లు మార్చి లీటరుకు అర మిల్లీగ్రాము ఉన్నవి తాగితే అది 2కు పడిపోతుంది. ఒక పక్క 14, ఒక పక్క 1.3. భారత ప్రమాణాల సంస్థ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదంటుంది, వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటుంది. రసం కన్నా ముందు నీళ్ల పరీక్ష ఎందుకో ఈ కూడికే చెబుతుంది.

మంచి పద్ధతిలో చేసిన పెద్ద పరిశోధనలు కూడా ఎదురెదురుగా నిలబడతాయి. 1990లో విటమిన్ ఎ మీద రెండు వచ్చాయి, మన నెల్లూరుకు అటొకటి ఇటొకటి. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఆరునెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే పిల్లల మరణాల్లో తేడా కనబడలేదు. తిరుచిరాపల్లి జిల్లాలో వారం వారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు సగానికన్నా తగ్గాయి. రెండింట్లోనూ దాదాపు 15 వేల మంది చొప్పున పిల్లలు. విటమిన్ ఒకటే, మోతాదు తీరు వేరు, ఆ పిల్లలకు ముందునుంచీ ఉన్న లోపం వేరు కావచ్చు, వారం వారం ఇంటికి వచ్చి పలకరించే మనిషి ఉండటమే ఒక తేడా కావచ్చు. ‘విటమిన్ ఎ పనిచేస్తుందా’ అనే ప్రశ్న ‘ఎవరికి, ఎంత, ఎన్నాళ్లకోసారి’ అనే ప్రశ్నలుగా చీలిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. గుండెజబ్బుల నింద చక్కెర మీద పడకుండా కొవ్వు మీదికి మళ్లించే సమీక్షా వ్యాసాలు 1967లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు రాశారు. వాటికి అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ డబ్బులిచ్చిందని బయటపడింది 2016లో. దాదాపు యాభై ఏళ్లు పట్టింది. జొన్న బిస్కెట్ల ప్యాకెట్ మీద ‘పరిశోధనలో నిరూపితం’ అని కనబడితే ఆ పరిశోధనకు ఖర్చు పెట్టిందెవరని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు అత్త వంటింట్లో కూర్చున్నాను. ఇరవై లీటర్ల క్యాను మూల బల్ల మీద ఉంది. తాగడానికి ఆ నీళ్లే. పొయ్యి మీద సంగటి కుండలో ఎసరు మరుగుతోంది. ఆ నీళ్లెక్కడివని అడిగాను.

“బోరువే. కాగబెడతన్నాం గదా, ఏమైతది?”

కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. సంగటి ఆ ఎసరంతా పీల్చుకుంటుంది. 1977లో జొన్న భోజనం గురించి చెప్పినవాళ్లు ముద్దలోని ఫ్లోరైడును కూడా ఎందుకు కొలిచారో నాకు ఆ కుండ దగ్గర అర్థమైంది. అత్తకు అదే చెప్పాను. ఆమె కాసేపు కుండ వంక చూసి, క్యాను ఎంతకిస్తున్నారో, ఎసటిక్కూడా అవే వాడితే నెలకు ఎన్ని కావాలో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.