నీళ్లు పెంచిన వయసు

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పొలం గట్టునో చెరువు కింద కంపల్లోనో దొరికిన అస్థిపంజరానికి వెన్నుపూసలు చూసి వయసు కడితే లెక్క తప్పే అవకాశం ఎక్కువ. పూసల అంచుల్లో ఎముక కొక్కేల్లా పెరిగి ఉంటుంది, రెండు మూడు పూసలు అతుక్కుపోయి కూడా ఉండొచ్చు. పాఠం ప్రకారమైతే అరవై దాటిన మనిషి. ఇక్కడ నలభై ఏళ్ల మనిషివీ కావచ్చు. పంచనామాలో 'సుమారు 60' అని పడిందంటే, నలభై ఏళ్ల మనిషి కనిపించడం లేదన్న ఫిర్యాదు పక్క స్టేషన్లోనే ఉన్నా దాని జోలికి ఎవరూ పోరు.

ఈ ప్రాంతపు ఎముకల తేడా వైద్యపత్రికలకు ఎక్కింది 1937లో. అప్పటికి ఈ తాలూకాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లావే. ప్రకాశం జిల్లా 1970 దాకా పుట్టలేదు. నడుములు బిగుసుకుపోవడానికి బావినీళ్లలోని ఫ్లోరైడ్ కారణమని హెన్రీ షార్ట్ బృందం రాసింది. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ ఖనిజం ఉంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం చాలా తర్వాత వచ్చింది.

వయసు కట్టే కొలమానాలేమో వేరే దేశాల్లో తయారయ్యాయి. జఘనాస్థుల (తుంటి ముందువైపు ఎముకల) అతుకు చూసి టాడ్ అనే పరిశోధకుడు వయసును 10 దశలుగా విడగొట్టింది 1920లో, అమెరికాలో. పొడవైన ఎముకల నుంచి ఎత్తు కట్టే ట్రాటర్, గ్లెసర్ సూత్రాలు 1952 నాటివి, వాటి వెనక ఉన్నది అమెరికా సైనికుల అవశేషాలు. మన వాళ్ల లెక్కలు లేకపోలేదు, 1924లోనే పాన్ అనే పరిశోధకుడు బెంగాల్ ఎముకలు కొలిచాడు. అయితే బతికినన్నాళ్లు ఏ నీళ్లు తాగారన్న ప్రశ్న వీటిలో దేనికీ పట్టలేదు.

కాబట్టి ఈ వైపు ముందు చూడాల్సింది ముంజేతి ఎముకలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా ఉండే అంచులు చూడాలి. మధ్యనుండే పొర సున్నం పట్టి, రంపపు పళ్లలా బయటికి పొడుచుకు వచ్చి ఉంటే ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఈ ఎముకల జబ్బును, గట్టిగా అనుమానించాలి. ముసలితనపు అరుగుదల ఈ పని చేయదు. చిక్కేమిటంటే ఆ అంచు పెళుసు. మట్టి వదిలించాలని పంపు కింద పెట్టి గట్టి బ్రష్‌తో రుద్దితే అసలు సాక్ష్యమే రాలిపోతుంది. నీడన ఆరబెట్టి మెత్తటి కుంచెతో దులపాలి, ఫొటో అంతకుముందే తీయాలి. దొరికిన చోటి మట్టి జల్లెడ పట్టడమూ మరవకూడదు: పెద్దవాళ్ల 206 ఎముకల్లో 106 చేతివేళ్ల నుంచి మణికట్టు దాకా, పాదాల్లోనూ ఉండే చిన్నవే. గోనెసంచిలో ఏరుకొచ్చే పద్ధతిలో ముందు పోయేవి అవే.

ఫ్లోరోసిస్ అని తేలాక వెన్నును పక్కన పెట్టాలి. ముప్పై లోపు మనిషి అనుకుంటే జత్రుక (మెడ కింది అడ్డ ఎముక) లోపలి కొన అతుక్కుందా లేదా చూడాలి. ఆపైన అయితే ఒకే వేరున్న పన్ను తీసి, వేరు కొన ఎంతమేర పారదర్శకంగా మారిందో వెలుతురుకు పెట్టి కొలవాలి. పన్ను కోయకుండా చేసే ఈ పద్ధతిని లమెండిన్ 1992లో చెప్పాడు.

ఆడా మగా తేల్చడంలోనూ ఒక ఉచ్చు ఉంది. కండరాలు పట్టే చోట్లు గరుకెక్కి ఉబ్బడంతో ఆడవాళ్ల ఎముకలు మగవాళ్లవిలా బరువుగా కనిపిస్తాయి. ఎముక మోటుదనం నమ్మకుండా కటి ఆకారాన్నే, ముఖ్యంగా జఘనాస్థి కింది కోణాన్ని నమ్మాలి. ఎత్తు విషయంలో ఇంకో తికమక. తొడ ఎముక మనిషి ఎత్తులో సుమారు 27 శాతం. ఆ లెక్కన 5 అడుగుల 6 అంగుళాలు వచ్చినా, నడుం వంగిపోయిన మనిషిని ఇంట్లోవాళ్లు పొట్టివాడనే చెబుతారు. రెండూ నిజమే.

ఇదే జబ్బు గుర్తింపుకు సాయమూ చేస్తుంది. ఫ్లోరైడ్ వల్ల మరకలు, చారలు పడే గారపళ్లు చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, పన్ను తయారవుతున్నప్పుడే వస్తాయి. పెద్దయ్యాక ఎంత తాగినా రావు. అందుకని ఎముకల్లో ఫ్లోరోసిస్ ఉండి పళ్లు తెల్లగా ఉంటే, బయట పెరిగి ఇక్కడికి వచ్చిన మనిషి, ఉదాహరణకు పెళ్లయి వచ్చిన కోడలు, అన్న దిక్కున వెతకొచ్చు. మట్టి మరకను గార అనుకోకూడదు: గార చారలు అడ్డంగా, కుడిఎడమల జత పళ్లమీద ఒకేలా ఉంటాయి, మట్టి మరక వేరుకూ పడుతుంది.

ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిపిస్తే పోలేదా అంటే, అంత సులువు కాదు. పాతిపెట్టిన ఎముక నేలలోని నీటి నుంచి కూడా ఫ్లోరిన్ పీల్చుకుంటుంది. ఆదిమానవుడిదంటూ ఇంగ్లండ్‌లో 1912లో బయటపెట్టిన పిల్ట్‌డౌన్ పుర్రె దొంగదని 1953లో బయటపడటానికి తోడ్పడిన పరీక్షల్లో ఫ్లోరిన్ కొలత ఒకటి. ఆ పరీక్షకు మూలం ఈ గుణమే. అందుకే ఎముక పైపొర, లోపొర విడివిడిగా పంపాలి. అస్థిపంజరం కిందిది ఒకటి, నాలుగు గజాల అవతలిది ఒకటి, మట్టి నమూనాలు రెండు కూడా సీలు వేసి వాటితోనే పంపాలి.