నిశ్శబ్దం బరువెంత?

2017లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ కారులో, బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపే సామగ్రే 130 కిలోలకు పైగా ఉంటుంది. 1957లో ఇటలీలో వచ్చిన ఫియట్ 500 మొత్తం కారే 500 కిలోల లోపు. అంటే ఆ బుల్లి కారు బరువులో పావు వంతుకు మించిన బరువును ఫాంటమ్ కేవలం నిశ్శబ్దం కోసం మోస్తోందన్నమాట.

చప్పుడు ఆపడానికి అంత బరువెందుకు? గాలిలోని కంపనాలు తగిలి రేకు తానూ కంపిస్తేనే శబ్దం అవతలికి వెళ్తుంది. బరువైన రేకు అంత సులువుగా కదలదు. దాని బరువు రెట్టింపు చేస్తే దాటి వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంకో 6 తగ్గాలంటే బరువు మళ్లీ రెట్టింపు కావాలి. బేరం ఎటు చూసినా ఖరీదైనదే. అందుకే ఫాంటమ్‌కు రెండు పొరల అద్దాలు, టైర్ల లోపల కూడా ఫోమ్.

ఇలా పెరిగిన బరువు ఊరికే ఉండదు. దాన్ని లాగడానికి పెద్ద ఇంజన్, ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, వాటి బరువు మళ్లీ అదనం. ఫాంటమ్ సుమారు 2,560 కిలోలు, ఇంజన్ 12 సిలిండర్లు, 6.75 లీటర్లు. ఫియట్‌ది 479 సీసీ, రెండు సిలిండర్లు, 13 హార్స్‌పవర్. రెండూ ఒకే వేగంతో వస్తుంటే, ఫాంటమ్‌ను ఆపడానికి బ్రేకులు ఐదు రెట్లు ఎక్కువ శక్తిని వేడిగా మార్చాలి.

ఫియట్ 500ను రూపొందించిన డాంటే జియాకోసా పద్ధతి వేరు: తీసేయగలిగినవన్నీ తీసేయడం. ఇంజన్‌ను గాలే చల్లబరుస్తుంది కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. పైకప్పు గుడ్డది. తాళం తిప్పగానే స్టార్ట్ కాదు. సీట్ల మధ్య రెండు చిన్న లివర్లుంటాయి, ఒకటి చోక్‌కు, రెండోది స్టార్టర్‌కు. ఇదంతా ముచ్చటగానే ఉంటుంది గానీ, పెట్రోల్ ట్యాంకు ముందు బానెట్ కింద ఉంటుందని గుర్తొస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడే ఉక్కు, ఎయిర్‌బ్యాగుల బరువుకు నేనైతే వంక పెట్టను. నా పేచీ మిగతా బరువుతోనే.

నిశ్శబ్దానికీ ఒక హద్దుంది. 2020 నాటి ఘోస్ట్ మోడల్ తయారీలో, లోపల మరీ చప్పుడు లేకపోతే మనిషికి తికమకగా ఉంటోందని రోల్స్ రాయిస్ ఇంజనీర్లే గమనించారు. చివరికి సన్నటి గుసగుసలాంటి ధ్వనిని ఉండనిచ్చారు.

ఫియట్ డ్రైవరుకైతే చప్పుడు లేనిదే పని జరగదు. గేర్‌బాక్స్‌లో సింక్రోమెష్ (గేరు మార్చేటప్పుడు తిరిగే భాగాల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు) లేదు. కింది గేరు వేయాలంటే క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. ఎంత ఇవ్వాలో చెప్పేది చెవే. లెక్క తప్పితే గేర్ల పళ్లు కరకరమంటాయి. ఫాంటమ్‌లో డ్రైవరుకు ఆ టెన్షన్ లేదు, ముందున్న మలుపును ఉపగ్రహాల సాయంతో పసిగట్టి గేరును కారే ఎంచుకుంటుంది.