చేతిపంపు ఉంటే పీపా ఉన్నట్టేనా? స్కాట్లాండ్ బీరు గొడవ వెనుక కథ

పబ్ కౌంటర్ మీద చేతిపంపు కనిపిస్తే కింద నేలమాళిగలో పీపా ఉన్నట్టేనని బ్రిటన్‌లో బీరు తాగేవాళ్ల నమ్మకం. 2024లో కార్ల్స్‌బర్గ్ మార్స్టన్స్ కంపెనీ ఆ నమ్మకాన్ని కదిలించింది. ‘ఫ్రెష్ ఏల్’ (ఏల్ ఒక రకం బీరు) పేరుతో కెగ్‌లో, అంటే పీపాలా కాకుండా బీరు కాసే చోటే పూర్తయి వచ్చే బీరు డబ్బాలో నింపిన బీరును చేతిపంపులోంచి పోయించడం మొదలుపెట్టింది. ఇది జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని, పీపా బీరు కోసం 1971 నుంచి పోరాడుతున్న కామ్రా సంస్థ వినియోగదారుల హక్కులు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు ఫిర్యాదు చేసింది. 

కంపెనీల వాదన ఇది. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే పారబోయాలి. గిరాకీ తక్కువున్న పబ్బులకు అది నష్టం. కెగ్ అయితే ఇంకా చాలా రోజులు నిలుస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే కెగ్ బీరుకు దాని కొళాయి దానికి ఉండనే ఉంది. చేతిపంపే ఎందుకు కావాల్సి వచ్చిందన్నది అసలు ప్రశ్న.

పీపా అంటే ఏమిటో దగ్గరగా చూస్తే ఈ కోపం అర్థమవుతుంది. పబ్బుకు ఎక్కువగా వచ్చేది ఫర్కిన్ అనే సైజు పీపా. 9 గ్యాలన్లు, అంటే దాదాపు 41 లీటర్లు. ఇప్పుడు చాలావరకు స్టీలువే. లోపల ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పీపాను పడుకోబెట్టి, దొర్లకుండా చీలలు పెట్టి, పైనున్న బిరడాలోకి మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు. దాంట్లోంచి గ్యాస్ బుసబుసమంటూ నురగతో పైకి వస్తుంది. ఆ పొంగు అణిగాక గట్టి మేకు మారుస్తారు. మడ్డి అడుక్కి దిగి బీరు తేటపడేదాకా దాన్ని ఎవరూ కదపరు. చలువ 12 డిగ్రీల దగ్గర ఉండాలి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఎలా మారిపోతుందో ఎరిగిన మనవాళ్లకు, బతికున్న సరుకును కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కెగ్ బీరు బ్రూవరీలోనే పూర్తయి వస్తుంది. పబ్బులో పైపు తగిలిస్తే చాలు.

ఇంత పనీ జరిగేది కౌంటర్ కింద. కొనేవాడికి కనిపించేది పైనున్న పిడి ఒక్కటే. మన ఊళ్లో బోరింగు కొట్టినట్టు ఆ పిడిని లాగితే కింద నుంచి బీరు పైకి వస్తుంది.

కానీ స్కాట్లాండ్‌లో ఒకప్పుడు పీపా బీరుకు గుర్తు ఈ పిడి కాదు. అక్కడ బాగా వాడింది టాల్ ఫౌంట్, అంటే కౌంటర్ మీద నిటారుగా నిలబడే లోహపు స్తంభం, దానికో చిన్న కొళాయి. పీపాలోకి గాలి పంపి ఆ ఒత్తిడితో బీరును పైకి తోసేవారు. ఆ గాలి కోసం కుళాయి నీటి ఒత్తిడితో నడిచే యంత్రాలు కూడా వాడారు. హెవీ, 80 షిల్లింగ్ అనే అక్కడి బీరు రకాల్లో ఏది అడిగినా గ్లాసులోకి వచ్చేది ఆ కొళాయిలోంచే.

1960లలో పెద్ద కంపెనీలన్నీ కెగ్ వైపు మళ్లాయి. 1970ల మొదట్లో స్కాట్లాండ్‌లో స్వతంత్రంగా మిగిలిన పాత బ్రూవరీలు రెండే. ఒకటి డన్‌బార్‌లోని బెల్‌హేవెన్, రెండోది అల్లోవాలోని మెక్లే. ట్రాక్వేర్ హౌస్ అనే పాత భవంతిలో మాక్స్‌వెల్ స్టువర్ట్ కుటుంబం 18వ శతాబ్దపు రాగి డేగిసాను శుభ్రం చేసి 1965లో మళ్లీ బీరు కాయడం మొదలుపెట్టింది, కానీ అది చాలా చిన్న స్థాయిలో. బీరు ఇప్పటికీ ఓక్ తొట్లలోనే పులుస్తుంది, ఎక్కువగా సీసాల్లో అమ్ముతారు.

నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. కామ్రా నిర్వచనం ప్రకారం అసలైన ఏల్ తను పోయబడే పీపాలోనే రెండోసారి పులవాలి, బయటి నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించకూడదు. టాల్ ఫౌంట్ వాడేది మామూలు గాలే కాబట్టి ఆ లెక్కన తప్పు లేదు. చిక్కల్లా చూపులో వచ్చింది. కెగ్ కొళాయి కూడా కౌంటర్ మీద నిలబడే స్తంభమే. ఏది ఏదో కొనేవాడికి తెలిసేది కాదు. అందుకే పీపా బీరును మళ్లీ తెచ్చిన పబ్బులు చూడగానే గుర్తుపట్టేలా ఇంగ్లండ్ తరహా చేతిపంపులు బిగించుకున్నాయి. ఫౌంట్లు ఒక్కొక్కటే కౌంటర్లు దిగిపోయాయి. ఆనాటికి అది మంచి ఉద్దేశంతో చేసిన పనే. కానీ ఒక దేశం తన సొంత పనిముట్టును వదులుకుని మరీ తెచ్చుకున్న గుర్తుకు చట్టం కాపలా లేకుండా పోయింది. చేతిపంపును ఎవరైనా కొని బిగించుకోవచ్చు. ఇవాళ్టి గొడవకు విత్తనం పడింది అక్కడే.

1989లో ఒక్కసారి ప్రభుత్వం పీపా వైపు నిలిచింది. పెద్ద కంపెనీల పబ్బులు బయటివాళ్ల పీపా బీరు ఒకటి తెచ్చుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అదీ 2003లో పోయింది. 2023 ఆగస్టులో పబ్బుల్లో కొళాయి, పంపుల నుంచి పోసే బీరుకు వచ్చిన పన్ను తగ్గింపు 20 లీటర్లు, అంతకు పైబడిన పాత్రలన్నింటికీ వర్తిస్తుంది. పీపా అయినా కెగ్ అయినా ఒకటే. ఈలోగా మెక్లే 1999లో బీరు కాయడం ఆపేసింది. బెల్‌హేవెన్‌ను 2005లో గ్రీన్ కింగ్ కొనేసింది. ఎడిన్‌బరాలో 1869 నుంచి ఉన్న కలెడోనియన్‌ను 2022లో హైనెకెన్ మూసేసింది.

కాబట్టి దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలి. లాక్ ఫైన్ అనే సముద్రపు పాయ కొసన కెయిర్న్‌డౌలో డెలాప్ కుటుంబం 2001లో తమ పొలంలోని పాత పాలశాలలో ఫైన్ ఏల్స్ అనే బ్రూవరీ పెట్టింది. 2010లో వచ్చిన ‘జార్ల్’ 3.8 శాతం బీరు, సిట్రా రకం హాప్స్‌తో (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) చేసింది. అలాంటి కుటుంబానికి టీవీ ప్రకటనల బడ్జెట్ ఉండదు. ఆ పిడి మీది బిళ్లే దాని ప్రకటన. ‘ఇది పీపాలోంచి వచ్చింది, మా చేత్తో చేసింది’ అని ఆ పిడి చెప్పే మాటను నమ్మే మనిషి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తాడు. పక్క పిడి కింద కెగ్ ఉందని తెలిశాక రెండింటినీ ఒకే అనుమానంతో చూస్తాడు. పెద్ద కంపెనీకి ఇంకో డజను బ్రాండ్లుంటాయి. కెయిర్న్‌డౌ వాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

ఎడిన్‌బరాలో వెస్ట్ బో వీధిలోని బో బార్‌లో టాల్ ఫౌంట్లు ఇంకా పనిచేస్తున్నాయి. వాటిలోంచి వచ్చేది పీపా బీరే. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం వాటిని చూసి కెగ్ కొళాయిలనుకునే అవకాశం ఉంది.