కేసు పడితే కొలువు రాదా? జువైనల్ హోం చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

మైనర్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ (జేజే) బోర్డు వాయిదా రోజున బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులు నన్ను చూడగానే పిల్లాడు తిన్నాడా, పడుకున్నాడా అని అడుగుతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడం, ఇగ మా పోరనికి సర్కారు కొలువు రాదట గదా?" ఎవరన్నారు అంటే సరైన జవాబు ఉండదు. బావమరిది అన్నాడు, జిరాక్స్ షాపాయన అన్నాడు, యూట్యూబ్‌లో ఎవరో అన్నారు. తెలంగాణలో ప్రొబేషన్ ఆఫీసరుగా, అంటే కేసు పడిన పిల్లల ఇంటి సంగతులు తెలుసుకుని బోర్డుకు నివేదిక రాసే ఉద్యోగిగా, పనిచేస్తూ నేను విన్న పుకార్లన్నిటిలో పిల్లల బతుకులను ఎక్కువగా చెడగొట్టింది ఇదే. కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం. మిగతావి తర్వాత, గబగబా.

అపోహ: ఒక్కసారి కేసయితే రికార్డు చచ్చేదాకా వెంటాడుతుంది

వెంటాడదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 24 ఉన్నదే ఇందుకోసం. ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లాడు నేరం చేశాడని తేలినా సరే, మామూలుగా శిక్ష పడినవాళ్లకు వర్తించే అనర్హతలేవీ అతనికి వర్తించవు. ఉద్యోగానికైనా, చదువుకైనా, ఎన్నికలకైనా అంతే. ఆ రికార్డును అప్పీలు గడువు ముగిసేవరకో ఏడేళ్లవరకో భద్రపరిచి, ఆ తర్వాత నాశనం చేయాలని కేంద్రం 2016లో తెచ్చిన మాదిరి నియమాలు చెబుతున్నాయి.

మరి ఆ ఏడేళ్లలోపే ఉద్యోగం వస్తే? దానికి సెక్షన్ 74 ఉంది. పేపర్లో పేరు వేయకూడదు, ఫొటో వేయకూడదు అనే మొదటి సగమే అందరికీ తెలుసు. అదే సెక్షన్‌లో రెండో క్లాజు కూడా ఉంది. కేసు ముగిసిన పిల్లల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమో మరో అవసరానికో పోలీసులు బయటపెట్టకూడదు. తల్లిదండ్రులు పట్టుకోవాల్సింది ఈ రెండో సగాన్నే. మైనర్‌గా ఉన్నప్పటి కేసును సాకుగా చూపి కేంద్ర సాయుధ దళాల్లో ఉద్యోగం నిరాకరిస్తే, అది చెల్లదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మినహాయింపు ఒకటుంది, దాచను. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసులో ఘోర నేరం, అంటే చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నేరం, ఆరోపణగా వచ్చి, బోర్డు ప్రాథమిక మదింపు (ఆ నేరం చేసే, దాని పర్యవసానాలు తెలుసుకునే శక్తి పిల్లాడికి ఉందా అన్న పరిశీలన) చేసి కేసును పిల్లల కోర్టుకు పంపి, ఆ కోర్టు పెద్దవాడిగానే విచారించి దోషి అని తేల్చితే సెక్షన్ 24 ఇచ్చే రక్షణ ఉండదు. అయితే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు ఎత్తుకెళ్లినవాళ్లు, సెల్‌ఫోన్ కొట్టేసినవాళ్లు, కాలేజీ గేటు దగ్గర తన్నుకున్నవాళ్లు. వీళ్ల తల్లిదండ్రులు ఆ మినహాయింపు తలచుకుని నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఈ పుకారు ఎలా నష్టం చేస్తుందో ఒక కుర్రాడి సంగతి చెబితే తెలుస్తుంది. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. ఇంటర్ ఫస్టియర్. ఇద్దరు దోస్తులతో కలిసి పక్క కాలనీలో బైకు తీసుకుని తిరిగారు, పెట్రోలు అయిపోయిన చోట వదిలేశారు. ముగ్గురూ మైనర్లే, చిన్న నేరమే. అలాంటి వాటికి ఎఫ్ఐఆర్ కూడా ఉండదు, స్టేషన్ డైరీలో రాసి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపుతారు. బోర్డు ముగ్గురినీ మందలించి ఇంటికి పంపింది. అక్కడితో అయిపోయింది.

కానీ వాళ్ల అమ్మకు ఎవరో చెప్పారు, ఇక వీడికి నౌకరీ రాదు, చదివించి డబ్బు దండగ అని. ఆమె మరునాడే కాలేజీకి వెళ్లి టీసీ తీసుకుని, కొడుకుని భీవండీలో మరమగ్గాలు నడిపే మేనమామ దగ్గరికి పంపేసింది. నేను ఫోన్ చేస్తే "ఇజ్జత్ పోయింది మేడం, కొన్నిరోజులు దూరముంటే మంచిదే" అంది. ఆమెను తప్పుపట్టలేను. ఒక్కతే పెంచింది, వాడల నలుగురూ నాలుగు మాటలన్నారు.

కొన్నేళ్ల తర్వాత ఆ కుర్రాడే ఆఫీసుకొచ్చాడు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది, పాత కేసు అడ్డొస్తుందా అని అడగడానికి. రాదు అన్నాను. ముఖం వెలిగిపోయింది. ఇంటర్ మెమో ఉందా అని అడిగాను. లేదు. కేసు అడ్డు రాని చోట ఇంటర్ అడ్డొచ్చింది. ఆ రోజు ఆ జిరాక్స్ షాపాయన నా ఎదురుగా లేడు కాబట్టి బతికిపోయాడు. కుర్రాడిని ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్‌కు చేర్పించాం. ఆ నోటిఫికేషన్ మాత్రం పోయింది.

అందుకే కేసు ముగిసిన ప్రతి ఇంటికీ ఇదే చెబుతున్నాను. బోర్డు తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రికార్డు నాశనం చేయాలన్న ఆదేశం అందులో ఉందో లేదో చదివించుకోండి, లేకపోతే లాయరు చేత అర్జీ వేయించండి. రేపు వెరిఫికేషన్‌లో ఎవరైనా పాత కేసు సంగతెత్తితే ఈ కాగితం, సెక్షన్ 24, సెక్షన్ 74 రెండో క్లాజు చూపించండి. ఇవేవీ గుర్తుండకపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి: టీసీ తీసుకోవద్దు. పిల్లాడు జువైనల్ హోంలో (కేసు పడిన మైనర్లను ఉంచే చోట) ఉండగానే టెన్త్ పరీక్షలు వస్తే జేజే బోర్డును అనుమతి అడగండి. మేము తీసుకెళ్లి రాయిస్తాం. వెంట వచ్చేవాళ్లు యూనిఫాంలో ఉండరు, పక్క బెంచీ పిల్లాడికి కూడా తెలియదు.

అపోహ: హోం అంటే జైలే, లోపల ఆటలు పాటలు అన్నీ ఫొటోల కోసమే

గోడలు ఎత్తుగానే ఉంటాయి, గేటుకు తాళమూ ఉంటుంది, కాదనను. కానీ మైనర్‌ని లాకప్‌లోనో జైల్లోనో పెట్టకూడదు, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. హోంలో చదువు, వృత్తి శిక్షణ, ఆటలు, కౌన్సెలింగ్, మత్తు మాన్పించే సాయం అందించాలని సెక్షన్ 53 చెబుతోంది. ప్రతి పిల్లాడికీ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి. పిల్లల కమిటీలు కూడా ఉండాలి. మా దగ్గర ఆ కమిటీ ఎక్కువగా పోట్లాడేది పప్పు పల్చగా ఉందని. నిజంగానే పల్చగా ఉండేది.

సంక్రాంతికి గాలిపటాలు, నవంబర్ 14కి పోటీలు, సాయంత్రాలు వాలీబాల్. వీటిని తేలిగ్గా తీసేయకండి. కౌన్సెలింగ్ గదిలో నోరు విప్పని కుర్రాడు వాలీబాల్ కోర్టులో ఓడిపోయి ఏడుస్తూ ఇంట్లో ఏం జరిగిందో మొత్తం చెప్పిన సందర్భాలున్నాయి. నా నివేదికల్లో పనికొచ్చే సగం విషయాలు అలా తెలిసినవే.

ఒక నాన్న పేపర్లో పిల్లల దినోత్సవం ఫొటో చూసి కోపంగా వచ్చాడు. కప్పు గెలిచిన పిల్లలంతా కెమెరాకు వీపు తిప్పి ఉన్నారు. "గెలిచినోళ్లను గట్ల నిలబెడ్తరా? అవమానం కాదా?" అన్నాడు. అవమానం కాదు, సెక్షన్ 74. ముఖం కనిపించేలా వేస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కప్పు మాత్రం ముఖ్య అతిథి చేతిలో స్పష్టంగా కనిపించింది.

అపోహ: స్టాఫ్ మారితే కేసు మళ్లీ మొదటికొస్తుంది

బదిలీల ఆర్డర్లు వచ్చినప్పుడల్లా నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. హోం పాత సూపరింటెండెంట్ మంచాయన, కొత్తాయన స్ట్రిక్టట, బెయిల్ రానివ్వడట. అమ్మా, బెయిల్ ఇచ్చేది సూపరింటెండెంట్ కాదు. బోర్డు ఇస్తుంది, అంటే ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్త సభ్యులు, వాళ్లలో ఒకరైనా మహిళ. నేను బదిలీ అయినా నా సామాజిక దర్యాప్తు నివేదిక ఫైలులోనే ఉంటుంది. కొత్త ప్రొబేషన్ ఆఫీసరు మీ ఇంటికి ఇంకోసారి రావచ్చు, అంతే. మేము వచ్చేదీ జీపులో కాదు, బస్సులోనో ఆటోలోనో. వీధిలో ఎవరైనా అడిగితే స్కూల్ పని మీద వచ్చారని చెప్పుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

నిజానికి పిల్లలు ఆఫీసర్ల రాకపోకలను అంతగా పట్టించుకోరు. మా వంట చేసే పెద్దమ్మ రిటైరైన రోజున జరిగినంత గొడవ ఏ అధికారి వీడ్కోలుకూ జరగలేదు.

అపోహ: డబ్బు పెడితేనే బెయిల్

ఇది ఎక్కువగా గేటు బయట తిరిగే మధ్యవర్తులు పుట్టించిన మాట. సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు బెయిల్ ఇవ్వడమే నియమం, పెద్దలకైతే నాన్ బెయిలబుల్ అయ్యే నేరమైనా సరే. షూరిటీ లేకుండా కూడా ఇవ్వవచ్చు. బయటికెళ్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, పిల్లాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో అనిపిస్తే తప్ప నిరాకరించరు, నిరాకరిస్తే కారణం రాయాలి. షరతులు తీర్చలేక ఏడు రోజులు గడిస్తే పిల్లాడిని మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించమని అడగాలి. మంగళసూత్రం కుదువ పెట్టి మధ్యవర్తికి డబ్బిచ్చిన తల్లిని చూశాను. ఆ డబ్బుకు రసీదు ఉండదు కాబట్టి ఫిర్యాదు కూడా నిలబడలేదు.

అపోహ: వయసు ఎముకల పరీక్షతోనే తేలుతుంది

ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ జాబితాలో లేదు. పనిలో పెట్టడానికి ఆధార్‌లో వయసు పెంచి రాయించినవాళ్లు స్కూలు కాగితం వెతికి తెచ్చుకోండి.

అపోహ: మైనర్ కదా, ఏమీ కాదు

ఇది తల్లిదండ్రుల కంటే గంజాయి అమ్మేవాళ్లు ఎక్కువగా నమ్మే మాట. పిల్లల చేత మత్తు పదార్థాలు అమ్మించినా, మోయించినా సెక్షన్ 78 కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. పిల్లాడి చేతికి ప్యాకెట్ ఎవరిచ్చారో చెబితే కేసు పెద్దదవుతుందని ఇంట్లోవాళ్లు దాస్తారు. దాచకండి. పిల్లాడిని వాడుకున్నారని తేలితే బోర్డు చూసే చూపే మారుతుంది, నా నివేదిక కూడా మారుతుంది.

బైకు తాళాలిచ్చే నాన్నలకు కూడా ఒక మాట. మైనర్ బండి నడిపి పట్టుబడితే 2019 మోటారు వాహనాల సవరణ ప్రకారం సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

లాయరుకు డబ్బుల్లేవు అనేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఉచితం. వాయిదా రోజు పొద్దున్నే కాదు, ముందే చేయండి. లాయరుకు ఫైలు చదువుకునే టైం ఉండాలి కదా.